గీతకు రంగు, తాలుకు రంగు

కారు బంపర్ మీద గీత పడితే మన వైపు మూడు రకాల సలహాలు వస్తాయి. "వదిలెయ్ రా, బంపర్ ఉండేదే గుద్దుకోడానికి" అనేవాళ్ళు కొందరు. "ఇన్సూరెన్స్ ఉంది కదా, క్లెయిమ్ చెయ్" అనేవాళ్ళు ఇంకొందరు. మిగతావాళ్ళంతా "ఆటోనగర్‌లో పడేస్తే సాయంత్రానికి కొత్తదైపోద్ది" అంటారు. ఇంట్లోనే చేసుకోమని చెప్పేవాడు ఒక్కడూ కనపడడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది అదే. దాంతో పాటు ఇంకో మాట కూడా ఉంది. అట్లా చేసుకున్న బండిని అమ్మేటప్పుడు "ఇక్కడ రంగు వేశాం" అని కొనేవాళ్ళకు మనంతట మనమే చెప్పాలి. మొదటి మాటకు మా మెకానికల్ బ్రాంచి మొత్తం చప్పట్లు కొట్టింది. రెండో మాట దగ్గర మాత్రం హాస్టల్లో రాత్రి ఒంటిగంట దాకా గొడవ జరిగింది.

గొడవకు కారణమైన బండి మాదే. మాది పర్చూరు దగ్గర ఊరు. 2022 ఏప్రిల్ నుంచి పేరుకు బాపట్ల జిల్లా, మా నోటికి ఇంకా ప్రకాశమే. నల్లరేగడి, మిరప, పత్తి, మధ్యలో శనగ. 2021-22లో నల్ల తామర పురుగు పూతంతా నాకేసిన సంవత్సరం గుర్తున్నవాళ్ళకు మా ఇంటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ధర బాగా వచ్చిన ఏడాది నాన్న ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, వెండి రంగుది. మళ్ళీ 2025 వచ్చేసరికి, అంతకుముందు క్వింటాల్ 20,000 దాటి పలికిన కాయ, సగానికి పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించింది. కౌలుకీ, కోత కూలీకీ, మందుల కొట్టు బాకీకీ లెక్క వేసుకుంటే ఆ ధర ఏ మూలకూ రాదు. టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఇంట్లో కారు అమ్మకానికి పెట్టాం. నా ఆరో సెమిస్టర్ ఫీజు కూడా ఆ కారులోనే ఉంది.

ఆ కారుకే ముందు ఎడమ మూల గీత. పత్తి బోరేలు ఎత్తిన ట్రాక్టర్ ఎదురొస్తే మా డొంక రోడ్డు మీద పక్కకు తప్పుకోడానికి చోటెక్కడిది? ట్రక్కు కొక్కెం జానెడు పొడుగున గీసుకుంటూ పోయింది. చూడ్డానికొచ్చిన మొదటి బేరగాడు ఆ గీత చూపించి పది వేలు తగ్గించమన్నాడు. గీత ఖరీదు పది వేలు కాదని ఆయనకీ తెలుసు. కానీ మన అవసరం ఎంతో ఆ గీతలో కనపడిపోయింది.

ముందు ఇన్సూరెన్స్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. ఐదేళ్ళు క్లెయిమ్ చెయ్యకపోతే నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే సున్నా. లెక్క కోసం ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకుందాం, ప్రస్తుతం 35 శాతంలో ఉన్నారనుకుందాం. షాపులో రంగుకు 5,000 బిల్లు అయింది. 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు తప్పనిసరిగా మనమే భరించాలి. మామూలు పాలసీలో రంగు బిల్లులో పావు వంతును సరుకు ఖర్చుగా లెక్కగట్టి, అందులో సగం తరుగు తీసేస్తారు, అంటే ఇంకో 625. చేతికి వచ్చేది 3,375. క్లెయిమ్ చెయ్యకుండా ఉంటే వచ్చే ఏడాది దొరికే 45 శాతం రాయితీ 3,600. అంటే ఒక్క ఏడాదిలోనే నష్టపోయాం, పై ఏళ్ళ సంగతి సరేసరి. పైగా బంపరే మార్చాల్సి వస్తే ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు. జీరో డెప్రిసియేషన్ పాలసీ ఉంటే తరుగు ఉండదు గానీ బోనస్ పోవడం మాత్రం పోతుంది. ఇంకోటి, ఈ బోనస్ బండిది కాదు, మనిషిది. కారు అమ్మేసినా సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ళ లోపు కొనే బండికి వాడుకోవచ్చు. ఇదంతా కాగితం మీద వేసి చూపిస్తే నాన్న అన్న మాట: "అయితే ఇన్సూరెన్సోడికి ఫోన్ చెయ్యబాక."

షాపులో నాలుగున్నర వేలు అడిగారు. అది అన్యాయం అని నేను అనను. ఆ పని నేను చేసి చూశాను కాబట్టి అసలే అనను.

ఇక పని సంగతి. బంపర్ వెనక్కి చెయ్యి పెట్టి తడిమితే, లేదా ఫోన్ కెమెరా పెట్టి చూస్తే, అచ్చులో పోసినప్పుడు పడిన అక్షరాలు కనిపిస్తాయి: పీపీ ప్లస్ ఈపీడీఎం, పక్కన టీ 20 లాంటిది. పాలీప్రొపిలీన్‌లో రబ్బరు, ఆపైన నూటికి 20 పాళ్ళు టాల్కం పొడి అని అర్థం. పాలిమర్ల యూనిట్ పరీక్షలో పది మార్కులకు రాసిన సంగతే ఇది, కానీ సొంత బండి కింద దూరి చదివితే వేరేగా ఉంటుంది. ఆ అక్షరాలు ఎందుకు ముఖ్యమంటే, పాలీప్రొపిలీన్ మీద ఏదీ అతుక్కోదు. దాని ఉపరితల శక్తి మీటరుకు 30 మిల్లీన్యూటన్ల దగ్గర ఉంటుంది. చేమాకు మీద నీటిబొట్టు చూశారుగా, అట్లాగే రంగు కూడా దాని మీద పరుచుకోకుండా ముడుచుకుంటుంది. ఫ్యాక్టరీలో బంపర్ మీద క్షణకాలం మంట ఆడిస్తారు, లేదా అతుకు కోసం ప్రత్యేకమైన పూత వేస్తారు. మనకు మంట వద్దు. అడ్హెషన్ ప్రమోటర్ అని స్ప్రే డబ్బా దొరుకుతుంది, అది చాలు. గీత లోపల నల్ల ప్లాస్టిక్ బయటపడిన చోట ఇది వెయ్యకుండా నేరుగా ప్రైమర్ కొడితే, మొదటిసారి ప్రెషర్ వాటర్‌తో కడిగించినప్పుడు రంగు అప్పడంలా లేచిపోతుంది. ఇంట్లో చేసిన పనులు నిలవవు అనే పేరు రావడానికి సగం కారణం ఈ ఒక్క డబ్బా కొనకపోవడమే.

అసలు రంగు అవసరమా అన్నది ముందు చూసుకోవాలి. గీతకు అడ్డంగా గోరు ఆడించండి. గోరు తట్టుకోకపోతే గీత పైన ఉన్న క్లియర్ పొరలోనే ఉందన్నమాట. రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దితే పోతుంది. గోరు దిగితే పని ఉంది. సొట్ట కూడా పడి ఉంటే మరిగిన నీళ్ళు పోసి వెనక నుంచి తోయండి, థర్మోప్లాస్టిక్ కాబట్టి చాలాసార్లు మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. చెయ్యి కాలకుండా గ్లౌజులు వేసుకోవాలని ఇంజినీరింగ్ విద్యార్థులకు చెప్పాలా? చెప్పాలి.

సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. మైనం, గ్రీజు, పంట మందు తుంపర, అన్నీ పోవాలి. తర్వాత 320 నంబరు ఎమరీ పేపర్‌తో గీత అంచులను పల్చగా జారేట్టు తీయాలి. ఉత్త ప్లాస్టిక్ మీద పేపర్ ఆడిస్తే నూగు లేస్తుంది, దాన్ని ఇంకా సన్న నంబరుతో, తడిపేపర్‌తో అణచాలి. లోతు ఉంటే పుట్టీ. గోడకు పెట్టే లప్పం కాదు, డోరుకు కొట్టే మామూలు పుట్టీ కూడా కాదు. బంపర్ వంగుతుంది కాబట్టి దాంతో పాటు వంగే ప్లాస్టిక్ పుట్టీ కావాలి. గట్టి పుట్టీ మొదటి స్పీడ్ బ్రేకరుకే నెర్రె ఇస్తుంది. ఆపైన ప్రమోటర్, ప్రైమర్, 800 నంబరు తడిపేపర్, బేస్ కోటు రెండు మూడు పల్చటి పూతలు, చివర క్లియర్. ప్రతి పూతకూ మధ్య ఓ పది నిమిషాలు, డబ్బా మీద రాసినంత సేపు, ఆగాలి. ఆగడమే అన్నిటికన్నా కష్టం. వెనక పార్కింగ్ సెన్సార్లున్న బంపర్ అయితే (2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ అవి తప్పనిసరి) వాటి మీద టేపు వేసి కప్పండి. రంగు మందంగా పడితే సెన్సార్ సరిగా పనిచెయ్యదు.

పుస్తకాల్లో, వీడియోల్లో దొరకనిది మా ఊరి గాలి. జనవరిలో పత్తి తీతలప్పుడు వాకిట్లో రంగు వేస్తే దూది పింజ వచ్చి సరిగ్గా తడి మీదే వాలుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో కల్లాల్లో కాయ ఎండుతుంటుంది, ఆ ఘాటుకు మనకే తుమ్ములు, ఇక తడి క్లియర్ మీద మిరప దుమ్ము పడిందంటే అద్దంలో ఎర్ర చుక్కలే. మే నెలలో రెంటచింతల వైపు వాళ్ళు అసలు ప్రయత్నించొద్దు, 45 డిగ్రీల్లో రంగు తుంపర బంపర్‌ను చేరకముందే గాల్లో ఆరిపోయి గరుకుగా పడుతుంది. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో తేమకు క్లియర్ తెల్లగా మసకబారుతుంది. మిగిలింది ఏమిటయ్యా అంటే, మంచు విడిచాక, ఎండ ముదరకముందు, గాలి లేని రెండు గంటలు. నేను నేల మీద నీళ్ళు చల్లి, బంపర్ ఊడదీసి, పశువుల కొట్టం పక్కన తాటాకు పందిరి కింద, నాలుగు వైపులా మిరప కప్పే పట్టాలు కట్టి వేశాను. అమ్మ చూసి, "కాయకన్నా దీనికే ఎక్కువ మర్యాద చేస్తన్నావే" అంది.

ఒక్క విషయంలో మాత్రం ఇంటిపని వద్దే వద్దు. కింద బటన్ నొక్కితే లోపల గట్టిపరిచే ద్రావణం కలిసే టూకే క్లియర్ డబ్బాలు దొరుకుతున్నాయి. మెరుపు అదిరిపోతుంది, నిజమే. కానీ అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి వల్ల ఆస్తమా వస్తుంది. ఒకసారి ఊపిరితిత్తులకు పడకుండా పోతే తర్వాత కొద్దిపాటి తుంపరకే ఆయాసం వస్తుంది. ప్రమాదకరమైన మోతాదులో ఉన్నా వాసనతో తెలియదు. ముఖానికి కట్టుకునే కర్చీఫు, కొవిడ్ మాస్కు దీనికి ఎందుకూ పనికిరావు, బయటి నుంచి మంచి గాలి అందించే పరికరం ఉండాలి. మామూలు ఒక డబ్బా క్లియర్‌తోనే సరిపెట్టుకోండి, మెరుపు కాస్త తగ్గినా. ఇది రాస్తూ నాకు తోచిందేమిటంటే, మనం ఒక్క మధ్యాహ్నం చెయ్యడానికి భయపడే పనిని, పెయింటింగ్ షెడ్డులో ఒక మనిషి రోజూ, చాలాచోట్ల మూతికి గుడ్డ కట్టుకుని చేస్తున్నాడు. మన కాలేజీల్లో ప్రతి ఏడాదీ ఎలక్ట్రిక్ గోకార్టు చేసి ఫోటోలు దిగుతాం. ఒక్క బ్యాచ్ అయినా చవకగా గాలి అందే మాస్కు మీద ప్రాజెక్టు చెయ్యకూడదా? గైడ్ ఒప్పుకోకపోతే అది వేరే వ్యాసం.

రంగు కలవడం గురించి రెండు ముక్కలు. బండికి కలర్ కోడ్ ఉంటుంది, ఆ కోడు చెప్పి డబ్బా తెచ్చుకున్నా వెండి రంగు అచ్చంగా కలవదు. అందులో ఉండే అల్యూమినియం రేకులు ఎంత దూరం నుంచి, ఎంత తడిగా కొట్టామన్న దాన్ని బట్టి వేర్వేరుగా పడుకుంటాయి. అసలు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే బంపర్ ఛాయ బాడీ ఛాయతో కొంచెం తేడాగా ఉండొచ్చు. ఇనుప బాడీ మొదటి పూతను 160 డిగ్రీలు దాటిన కొలిమిలో కాలుస్తారు. పాలీప్రొపిలీన్ కరిగేదే ఆ వేడికి. అందుకని బంపర్‌ను విడిగా, 80 డిగ్రీల దగ్గర కాల్చే రంగులతో వేస్తారు. మా పనిలోనూ నిటారుగా చూస్తే తెలియదు, పొద్దుటి ఏటవాలు ఎండలో పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. మొత్తం ఖర్చు రెండు వేల లోపు, రెండు ఉదయాలు.

ఇక అసలు గొడవ. మళ్ళీ బేరానికి వచ్చినాయన నరసరావుపేట వైపు నుంచి వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, గీత ఉన్న మూల చూశాడు, ఏమీ అనలేదు. నాన్నే చెప్పాడు: "అన్నా, ఈ మూల గీత పడింది, మావాడు ఇంట్లో రంగేశాడు. లోపల ఇరగలా, కావాలంటే కింద నుంచి చూడు." ఆయన వంగి చూశాడు, గోరుతో గీకాడు, ఫోటోలు అడిగాడు. ముందు తీసిన ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి, చూపించాను. చివరికి మూడు వేలు తగ్గించమన్నాడు, తగ్గించాం.

హాస్టల్లో ఈ సంగతి చెప్తే మావాళ్ళు తలలు పట్టుకున్నారు. "రెండు వేలు ఖర్చు పెట్టి, మూడు వేలు తగ్గించుకుంటే ఇంక రంగు ఎందుకు రా?" అని ఒకడు. పది వేలు తగ్గాల్సింది ఐదుతో పోయింది అని లెక్క చెప్పాను. కానీ వాడి అసలు ప్రశ్న అది కాదు. "ఆయన కనిపెట్టలేదు కదా, నువ్వెందుకు చెప్పాలి?" కొనేవాడు జాగ్రత్తగా చూసుకోవాలి, అది వాడి పని, వ్యాపారం అంటే అంతే కదా అని వాదన.

నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను. సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవాళ్ళ దగ్గర రంగు మందం కొలిచే చిన్న మీటరు ఉంటుంది. డోరు మీదో బానెట్ మీదో పెడితే ఎన్ని మైక్రాన్ల రంగు ఉందో చెప్పేస్తుంది, మళ్ళీ రంగు వేసింది దొరికిపోతుంది. కానీ ఆ మీటరు రంగు కింద లోహం ఉంటేనే పనిచేస్తుంది. ప్లాస్టిక్ బంపర్ మీద దానికేమీ తెలియదు. అంటే బండి మొత్తంలో కొనేవాడు కొలవలేని చోటు ఇదే. ఆ రంగు కింద ఉన్నది ఒక్క గీతేనా, గట్టిగా గుద్దుకుని లోపలి ఇనుప కమ్మీ వంగి, క్లిప్పులు విరిగి, పైన అందంగా పూసేశారా అన్నది బంపర్ ఊడదీస్తే తప్ప తెలియదు. తెలిసింది అమ్మేవాడికొక్కడికే. "జాగ్రత్తగా చూసుకోవాలి" అన్న మాట చూసే వీలున్నవాటికి చెల్లుతుంది.

మిరప పండించే ఇంట్లో పుట్టినవాడికి ఇది ఇంకా దగ్గరి సంగతి. కల్లంలో ఆడకూలీలు ఎండలో కూర్చుని మేలు కాయ, తాలు కాయ వేరు చేస్తారు. తాలుకు ధర సగం కూడా రాదు. ఆ తాలును పొడి కొట్టి రంగు కలిపితే ఎవరికి తెలుస్తుంది? తెలిసింది. 2003లో యూరప్‌కు మన దేశం నుంచి వెళ్ళిన మిరప ఉత్పత్తుల్లో సుడాన్ 1 బయటపడింది. మైనాలకు, షూ పాలిష్‌కు వాడే రంగు అది. అప్పటి నుంచి పరీక్ష కాగితం లేని మిరపకు అక్కడ గుమ్మం దాటే వీల్లేకుండా చేశారు. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో 400కు పైగా ఆహార పదార్థాలను దుకాణాల్లోంచి వెనక్కి తీసుకున్నారు. రంగు కలిపినవాడు ఎవడో, అనుమానం మోసింది మాత్రం కాయ పండించిన ప్రతివాడూ. యార్డులో గోతానికి కోత పెట్టి, లోపలి నుంచి గుప్పెడు తీసి చూస్తుంటే నాన్నకు కోపం రాదా అని చిన్నప్పుడు అడిగేవాణ్ణి. "పైన మేలు, లోపల తాలు పెట్టినోడు ఎవడో ఉన్నాడు గాబట్టే కదరా కోస్తన్నారు" అనేవాడు.

దీని మీద మా రూమ్మేట్ గట్టి పాయింటే లేపాడు. "అట్టయితే రంగు వెయ్యడమే తప్పు. గీతతోనే అమ్మాల్సింది." కాదు. తాలు కాయకు రంగు పూస్తే అది మేలు కాయ అవదు, దాని కారం, వాసన రావు. బంపర్‌కు రంగు వేస్తే బంపర్ నిజంగానే బాగుపడుతుంది. నీళ్ళు, ఎండ తగలకుండా ప్లాస్టిక్‌కు మళ్ళీ పొర వచ్చింది, చూడ్డానికి బాగుంది, ఆ బాగు కొనేవాడికి కూడా చెందుతుంది. పనిలో మోసం లేదు, చెప్పకపోవడంలోనే ఉంది. ఆటోనగర్ మేస్త్రి వేసినా, నేను వేసినా తేడా ఏమీ లేదు. ఇంకా చెప్పాలంటే, మన చేత్తో చేసిన పనికే చెప్పడం తేలిక. ఏ నంబరు పేపర్ వాడామో, పుట్టీ ఎంత లోతుకు పెట్టామో, లోపల ఏముందో కళ్ళారా చూశాం. షాపులో వదిలేసి సాయంత్రం తెచ్చుకున్నవాడు "లోపల ఏమీ విరగలేదు" అని ఏ ధైర్యంతో చెప్తాడు?

"ఇదంతా నాలుగు లక్షల బండికి, మూడు వేల గురించి" అని వాడు దుప్పటి కప్పుకున్నాడు. మూడు వేలంటే మా ఊళ్ళో కాయ కోసే మనిషికి ఎన్ని రోజుల కూలో వాడికి తెలియదు. నాన్నకు తెలుసు, తెలిసే తగ్గించాడు. అందుకే నాకా మూడు వేలు చిన్న లెక్క కాదు.

రంగు డబ్బాలో ఇంకా సగం ఉంది, ప్రైమర్ కూడా. వెండి రంగు బండి ఉండి, కోడ్ కలిసినవాళ్ళు మెకానికల్ బ్లాకు మూడో అంతస్తులో నన్ను అడగొచ్చు. ఎండలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టబాకండి, 50 డిగ్రీలు దాటితే డబ్బా పేలుతుంది. ప్రమోటర్ అయిపోయింది, అది మీరే కొనుక్కోవాలి.